గజాలీని తిట్టదలచినవారు ముందు గజాలీని చదవాలి

ఒక కథ చాలాకాలంగా ప్రచారంలో ఉన్నది. చెప్పేవారికి సులువు, వినేవారికి ఇంపు. పూర్వం బాగ్దాదులో గొప్ప విజ్ఞానయుగం నడిచిందట. 11వ శతాబ్దం చివర గజాలీ అనే మతాచార్యుడొకడు బయలుదేరి గణితం సైతాను పని అన్నాడట. నిప్పు దూదిని కాల్చదు, దేవుడే కాలుస్తాడన్నాడట. అంతటితో ముస్లిము ప్రపంచంలో బుద్ధి అనే దీపం కొండెక్కిందట. 2006లో అమెరికాలో జరిగిన ఒక సభలో పేరుమోసిన ఖగోళశాస్త్ర ప్రచారకులొకరు ఈ కథనే చెప్పారు. ఇప్పుడది మన తెలుగు వ్యాసాలలోకీ దిగి, ప్రమాణవాక్యం వలె చలామణీ అవుతున్నది.

ఇక రెండో జట్టువారున్నారు. వారు గజాలీ భక్తులు. విశ్వానికి ఆరంభం ఉన్నదని మా ఇమాము తొమ్మిది వందల ఏళ్ల క్రిందటే నిరూపించాడు, మహావిస్ఫోటం పేరుతో శాస్త్రజ్ఞులు ఇప్పుడు ఒప్పుకున్నారు, అని వారి ధీమా.

ఈ ఇరువురితోనూ నాకు తగవున్నది. మొదటివారు గజాలీని చేయని నేరానికి శిక్షిస్తున్నారు, రెండవవారు చేయని ఘనకార్యానికి సన్మానిస్తున్నారు. ఆయన చేసిన అసలు తప్పిదం ఒకటున్నది. దానిని ఈ ఇద్దరిలో ఎవరూ పట్టించుకోరు. ఆయన గ్రంథం 'తహాఫుతుల్ ఫలాసిఫా' మార్మురా ఆంగ్లానువాదంలో 1997 నుంచీ లభిస్తున్నది. దానికి ఇబ్న్ రుష్ద్ వ్రాసిన ఖండనగ్రంథం 'తహాఫుతుల్ తహాఫుత్' వాన్ డెన్ బెర్గ్ అనువాదంలో 1954 నుంచీ ఉన్నది. పక్కపక్కన పెట్టుకొని చదివితే నెల రోజుల పని. ఆ నెల రోజులు వెచ్చించకుండా తీర్పు చెప్పడం పండితలక్షణమూ కాదు, హేతువాదలక్షణమూ కాదు.

మొదట గణితం సంగతి. 'తహాఫుత్' ఉపోద్ఘాతంలోనే గజాలీ గ్రహణాలను గురించి వ్రాశాడు. చంద్రునికీ సూర్యునికీ నడుమ భూమి అడ్డుపడడంవల్ల చంద్రగ్రహణం, సూర్యునికీ మనకూ నడుమ చంద్రుడు రావడంవల్ల సూర్యగ్రహణం అని జ్యోతిశ్శాస్త్రజ్ఞులు చెప్పేది లెక్కలతో నిలిచిన విషయమనీ, దానిని ఖండించడమే మతసేవ అనుకొనేవాడు మతానికే చేటు తెస్తున్నాడనీ ఆయన అభిప్రాయం. తర్వాత వ్రాసిన ఆత్మకథాత్మక గ్రంథం 'అల్ మున్కిజ్'లో గణితాన్ని గురించి రెండు హెచ్చరికలు చేశాడు. గణితంలో తత్త్వవేత్తల నిర్దుష్టత చూసి మురిసి, దైవవిషయంలో వారు చెప్పేదీ అంత నిర్దుష్టమే అనుకొనే ప్రమాదం ఒకటి. మతానికి మేలు చేస్తున్నాననుకొని శాస్త్రాలన్నిటినీ తిట్టిపోసే మూఢమిత్రునివల్ల వచ్చే ప్రమాదం రెండవది. తర్కశాస్త్రం మాటకు వస్తే, న్యాయమీమాంసపై తాను వ్రాసిన 'అల్ ముస్తస్ఫా'ను తర్కపరిచయంతోనే ప్రారంభించి, అది రానివాని విద్యను నమ్మడానికి లేదన్నాడు. గణితం సైతాను పని అన్నవాడు ఇలా వ్రాస్తాడా?

గజాలీ 1058 ప్రాంతంలో ఖురాసానులోని తూస్‌లో పుట్టాడు. 1091లో సెల్జూకుల మంత్రి నిజాముల్ ముల్క్ ఆయనను బాగ్దాదు నిజామియా విద్యాలయానికి ఆచార్యునిగా నియమించాడు. 'తహాఫుత్' 1095లో పూర్తయింది. ఆ ఏడే ఆయన పదవిని వదలి బాగ్దాదు విడిచిపోయాడు. 1111లో తూస్‌లోనే కన్నుమూశాడు.

ఆయన ఎదిరించింది ప్రధానంగా ఇబ్న్ సీనాను. మన వాదసంప్రదాయంలో పెరిగినవారికి గజాలీ పద్ధతి చూస్తే ముచ్చట వేస్తుంది. పూర్వపక్షాన్ని పూర్వపక్షి కంటే స్పష్టంగా నిలబెట్టి ఆ మీదట ఖండిస్తాడు. తత్త్వవేత్తల మతాన్ని వివరిస్తూ 'మకాసిదుల్ ఫలాసిఫా' అని వేరే ఒక గ్రంథమే వ్రాశాడు. అది 12వ శతాబ్దంలో తొలేదోలో లాటినులోకి వెళ్లింది. ఇవి నా అభిప్రాయాలు కావు అని గజాలీ చెప్పుకొన్న పీఠిక లాటిను ప్రతులలో చాలావాటికి లేకపోవడంవల్ల, ఐరోపా పండితులు ఆయనను ఇబ్న్ సీనా శిష్యుడనుకొన్నారు. ప్రతిపక్షాన్ని అంత నిజాయితీగా చెప్పినందుకు దక్కిన ఫలితమది!

ఇబ్న్ సీనా మతం స్థూలంగా ఇది. ఉండక తప్పనిది ఒక్కటే, అది దేవుడు. తక్కినవన్నీ తమంతట తాము ఉండవచ్చు, ఉండకపోవచ్చు. కాని కారణం పూర్తిగా ఉన్నప్పుడు కార్యం ఆగదు. చేయి కదిలిందంటే వేలి ఉంగరమూ కదిలిందన్నమాటే. చేయి ముందు కదలి ఉంగరం కాసేపాగి కదలదు. అయినా ఉంగరపు కదలికకు కారణం చేయే గాని చేతి కదలికకు ఉంగరం కాదు. దేవుడూ జగత్తూ అటువంటివి. దేవుడు అనాది, ఆయన పూర్ణకారణం, కనుక జగత్తూ అనాదే. కారణమున్నది గాని ఆరంభం లేదు.

జగత్తు ఒకానొక క్షణాన పుట్టిందంటే తత్త్వవేత్తలు వేసే ప్రశ్న పదునైనది. ఆ క్షణమే ఎందుకు? అంతకుముందు దేవునికి ఏమి కొరవడింది? శూన్యంలో ఒక క్షణానికీ మరొక క్షణానికీ భేదం లేదు కదా, దేనిని చూసి ఎన్నుకొన్నాడు?

గజాలీ బదులు: సమానమైనవాటిలో ఒకదానిని ఏరుకోవడమే ఇచ్ఛ అనేదాని స్వభావం. ఆకలిగొన్నవాని ముందు అన్ని విధాలా సమానమైన రెండు ఖర్జూరాలు పెట్టి ఒక్కటే తీసుకోమంటే, భేదం కనబడలేదని వాడు పస్తుంటాడా? అంతటితో ఆగక ప్రశ్నను తత్త్వవేత్తల మీదికే త్రిప్పాడు. మీ లెక్కన ఖగోళం గుండ్రన, అన్ని వైపులా ఏకరూపం. మరి ధ్రువాలు రెండూ ఆ రెండు బిందువులవద్దనే ఎందుకున్నాయి? పైగోళం ఇటు కాక అటు ఎందుకు తిరగకూడదు? సమానమైనవాటిలో ఏరిక మీరూ ఒప్పుకోవలసివచ్చింది కదా!

ఖర్జూరాల ఉదాహరణకు ఇబ్న్ రుష్ద్ చెప్పిన సమాధానం నాకు ఈ వాదమంతటిలోనూ మిక్కిలి నచ్చినవాటిలో ఒకటి. ఆకలిగొన్నవాడు ఈ పండా ఆ పండా అని ఏరుకోవడం లేదు, తినడమా మానడమా అని ఏరుకొంటున్నాడు, అంటాడాయన. తినడానికీ మానడానికీ భేదం స్పష్టం. చేతికి ఏది వచ్చినా ప్రయోజనం ఒక్కటే. కనుక భేదం లేనిచోట ఏరిక జరిగిందని ఈ ఉదాహరణ నిరూపించదు.

కాలం విషయంలో మాత్రం గజాలీదే పైచేయి అని నా అభిప్రాయం. జగత్తుకు 'ముందు' అనగానే కాలం ఉన్నట్లే కదా, కాలం చలనాన్ని కొలిచేది, కనుక చలించే వస్తువూ అప్పుడున్నట్లే, అని తత్త్వవేత్తల ఆక్షేపం. గజాలీ అంటాడు: దేవుడున్నాడు, జగత్తు లేదు. తర్వాత దేవుడున్నాడు, జగత్తూ ఉన్నది. ఇందులో ఉన్నవి ఇవే. మూడవదిగా కాలమనే వస్తువు మన ఊహ కల్పించుకొన్నది. కాలమూ జగత్తుతోపాటే పుట్టింది. జగత్తు అంచుకు అవతల ఏమున్నది అంటే, ఖాళీ కూడా లేదు, నిండినదీ లేదు, 'అవతల' అన్నదే లేదు, అని మీరే చెబుతారు. అయినా మనస్సు ఒప్పుకోక అవతల ఏదో చోటు ఉన్నట్లు ఊహిస్తూనే ఉంటుంది. స్థలం విషయంలో ఆ ఊహను త్రోసిపుచ్చినవారు కాలం విషయంలో మాత్రం ప్రమాణం చేస్తారేమి?

దీనికి ఇబ్న్ రుష్ద్ జవాబు, గీతకు కొస ఉండవచ్చును గాని 'ఇప్పుడు' అనేది ఎప్పుడూ గతానికీ భవిష్యత్తుకూ నడుమనే ఉంటుంది, కనుక రెంటికీ పోలిక కుదరదు, అని. తెలివైన మాటే. కాని ప్రతి 'ఇప్పుడు'కూ ముందొక గతం ఉండి తీరాలన్నదే కదా తేలవలసిన విషయం! సాధించవలసినదానినే హేతువుగా పెట్టినట్లయింది.

శని లెక్క మరొకటి. సూర్యుడు ఏడాదికొక చుట్టు, శని ముప్పై ఏళ్లకొక చుట్టు. జగత్తు అనాది అయితే రెండింటి చుట్లూ అనంతమే. అయినా ఒకటి మరొకదానికి ముప్పై రెట్లు ఉండాలి. పైగా ఆ చుట్ల సంఖ్య సరా, బేసా? అనంతం గతించిపోవడం అసంబద్ధమనే వాదం గజాలీ సొంతం కాదు. 6వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాకు చెందిన క్రైస్తవ పండితుడు ఫిలోపోనుస్ చెప్పినదే, 9వ శతాబ్దంలో అల్ కిందీ అందుకొన్నదే. గతించిన చుట్లు ఒక్కచోట కుప్పగా లేవు, లేనిదానికి మొత్తమూ లేదు, నిష్పత్తీ లేదు, అని ఇబ్న్ రుష్ద్ త్రోసిపుచ్చాడు. ఇక్కడ ఇబ్న్ రుష్ద్ పక్షమే నాకు సమ్మతం.

ఇక దూది, నిప్పు. గ్రంథంలో ఉన్న ఇరవై చర్చలలో ఇది పదిహేడవది. దూదికి నిప్పు తగిలినప్పుడు కాలడం చూశాము. నిప్పు 'వల్ల' కాలడం చూశామా? 'తగిలినప్పుడు' అనేదానికీ 'తగిలినందువల్ల' అనేదానికీ ఎంత దూరమో గజాలీ చూపించాడు. పుట్టుగుడ్డికి ఒక పగటివేళ కళ్ల పొరలు తొలగితే, రంగులు కనబడడానికి తన కళ్లు తెరుచుకోవడమే కారణమనుకొంటాడు. ప్రొద్దు క్రుంకి చీకటి పడ్డాక గాని వెలుతురు సంగతి వానికి తెలియదు. మనకు కనబడే కారణాల వెనుక ఇంకేదో ఉండి, అది ఎన్నడూ అస్తమించనందువల్ల మనకు తెలియడం లేదేమో! 1739లో హ్యూము పేరుతో ఐరోపా ఇటువంటి ప్రశ్న విని ఉలిక్కిపడింది. అక్కడ అది తత్త్వశాస్త్రంలో మేలిమలుపట, ఇక్కడ మాత్రం మతమౌఢ్యమట! ఇద్దరి గమ్యాలు వేరన్నది నిజమే. హ్యూము సందేహం వద్ద ఆగాడు, గజాలీ దైవేచ్ఛ వద్దకు వెళ్లాడు. కాని చూసినది సాహచర్యమే గాని అవశ్యకత కాదన్న ముక్క ఇద్దరిదీ ఒక్కటే.

అన్నంభట్టు తర్కసంగ్రహం వల్లించినవారికి ఈ చిక్కు కొత్తది కాదు. వంటింట్లో పొగా నిప్పూ కలిసి ఉండడం చూసినంత మాత్రాన లోకమంతటా అంతే అనడం ఎలా అని చార్వాకులు అడిగారు. ఆ సందేహానికి వాని నడవడికే అవధి అని 10వ శతాబ్దపు ఉదయనాచార్యుడు బదులిచ్చాడు. పొగ కావలసినప్పుడు నిప్పు రాజేసేవాడు సందేహిస్తున్నాననడం వట్టి మాట అని దాని సారం. వీరికీ వారికీ లావాదేవీలు ఉన్నాయని నేననడం లేదు.

గజాలీ తన మీద రాగల ఆక్షేపణను తానే భయంకరంగా చెప్పుకొన్నాడు. కారణనియమం లేకపోతే, ఇంట్లో వదలివచ్చిన పుస్తకం ఈపాటికి పిల్లవాడై ఉండవచ్చు కదా? నీళ్లకుండ ఆపిల్ చెట్టయి ఉండవచ్చు కదా? సమాధానం: సాధ్యమే, కాని జరగలేదన్న జ్ఞానాన్ని దేవుడు మనలో కలిగిస్తాడు. తన ఆనవాయితీని ఆయన నడుపుతూనే ఉంటాడు. ఆ తర్వాత రెండవ మార్గం కూడా చూపాడు. నిప్పుకు కాల్చే స్వభావం ఉన్నదనే ఒప్పుకొందాం. అయినా తల్క్ అనే ఖనిజాన్ని ఒంటికి పూసుకొన్నవాడు కొలిమిలో కూర్చున్నా కాలడం లేదు కదా, మనకు తెలియని అటువంటి అడ్డంకిని దేవుడు కల్పించలేడా? ఈ రెండవ మార్గాన్ని గురించి నిందించేవారెవరూ మాట్లాడరు. గజాలీ అసలు అభిప్రాయం ఏ మార్గం అన్నదానిపై మార్మురా, ఫ్రాంక్, గ్రిఫెల్ వంటి ఆధునిక పండితులు నేటికీ ఏకీభవించలేదు.

ఇబ్న్ రుష్ద్ విజృంభించినది ఇక్కడే. ప్రతి వస్తువుకూ దానిదైన పని లేకపోతే దానిదైన స్వభావమూ ఉండదు, స్వభావం లేకపోతే లక్షణమూ పేరూ ఉండవు. అప్పుడు నిప్పును నిప్పు అని దేనిని చూసి అంటారు? కారణాలను తీసివేసినవాడు బుద్ధినే తీసివేసినట్లు. 'ఆనవాయితీ' అన్న మాటను ఆయన విడగొట్టిన తీరు చూడండి. ఎవరి ఆనవాయితీ? దేవునిదా? అలవాటంటే మళ్లీ మళ్లీ చేయగా పట్టుబడేది, అది దేవునికి అంటగట్టరాదు. వస్తువులదా? ప్రాణం లేనివాటికి అలవాటుండదు, ఉండేది స్వభావమే. మనదా? అయితే బుద్ధి అనేదాని పనే అది. మూడు దారులూ మూసివేశాడు. సాక్ష్యం చాలదన్న మేరకు గజాలీ గెలిచాడు. నిత్యవ్యవహారానికీ శాస్త్రానికీ స్వభావం ఒప్పుకోక తప్పదన్న మేరకు ఇబ్న్ రుష్ద్ గెలిచాడు. ఇంతటి వాదాన్ని "దేవుడే కాలుస్తాడన్నాడట" అన్న ఒక్క వెక్కిరింతతో ముగించేవారికి తర్కమంటే ఎంత గౌరవమో!

విజ్ఞానం అంతటితో చచ్చిపోయిందా? అబుల్ బరకాత్ అల్ బాగ్దాదీ గజాలీకి తర్వాతి తరంవాడు. కాలం చలనానికి కొలత అన్న అరిస్టాటిల్ మతాన్ని కాదని, అది అస్తిత్వానికే కొలత అన్నాడు. 1210లో చనిపోయిన ఫఖ్రుద్దీన్ రాజీ ఇబ్న్ సీనాను పంక్తి పంక్తికీ వ్యాఖ్యానించి ఎదిరించాడు. నసీరుద్దీన్ తూసీ రాజీని ఖండించాడు, 1259లో మరాగాలో వేధశాల నెలకొల్పాడు. దమాస్కస్ పెద్ద మసీదులో నమాజు వేళలు లెక్కకట్టిన ఇబ్న్ అల్ షాతిర్ 14వ శతాబ్దంలో కల్పించిన చంద్రగతి నమూనా కొపర్నికస్ నమూనాతో సరిపోతున్నది. 15వ శతాబ్దంలో అలీ కుష్జీ, జ్యోతిశ్శాస్త్రం అరిస్టాటిల్ భౌతికశాస్త్రం మీద ఆధారపడనక్కరలేదన్నాడు. తత్త్వవేత్తల 'అవశ్యకత' మీద గజాలీ వంటివారు వేసిన దెబ్బలే ఈ స్వేచ్ఛకు దారితీశాయనే పండితులూ ఉన్నారు. ఉస్మానీ సుల్తాను రెండవ మెహ్మెద్ 'తహాఫుత్' వివాదం మీద ఇద్దరు పండితులచేత పోటీగా గ్రంథాలు వ్రాయించాడు. చచ్చిన చర్చకు ఎవరైనా పోటీలు పెడతారా?

ఇందుకు దూరం పోనక్కరలేదు. 1888లో హైదరాబాదులో నెలకొన్న దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ రాజీ 'మబాహిసుల్ మష్రికియా'నూ, అబుల్ బరకాత్ 'కితాబుల్ ముఅతబర్'నూ 20వ శతాబ్దపు పూర్వార్ధంలోనే అచ్చువేసింది. బాగ్దాదు తత్త్వవేత్త కాలాన్ని గురించి ఏమన్నాడో ప్రపంచానికి అచ్చులో అందించినది మన నగరం. 'తర్వాత ఏమీ లేదు' అని ఆ నగరంలోనే ఎవరైనా వ్రాస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు.

ఈ కథ పాతదే కాని, దానికి పెద్ద గొంతునిచ్చినవాడు ఫ్రెంచి పండితుడు ఎర్నెస్ట్ రెనాన్. 1883లో పారిసులో చేసిన ఉపన్యాసంలో ఇస్లాముకూ విజ్ఞానానికీ పొత్తు లేదన్నాడు. దానికి అదే ఏడు ప్రత్యుత్తరం వ్రాసిన జమాలుద్దీన్ అఫ్గానీ అంతకు కొద్ది ఏళ్ల ముందు హైదరాబాదులో మకాం ఉండి, భౌతికవాదాన్ని ఖండిస్తూ పుస్తకం వ్రాసినవాడు. రెనాన్ మాటల వెనుక ఒక జాతి మీద చులకన ఉన్నది. ఆ చులకనను మనం హేతువాదమనుకొని దిగుమతి చేసుకొంటున్నాము.

మహావిస్ఫోటం జట్టువారికి రెండు మాటలు చాలు. భౌతికశాస్త్రం చెప్పేది విశ్వం ఒకనాడు అతిసాంద్రంగా, అతివేడిగా ఉండి వ్యాపిస్తూ వచ్చిందని. అది గజాలీ 'ఇచ్ఛ'ను గురించి ఏమీ చెప్పదు. పైగా శాస్త్రసిద్ధాంతం రేపు మారితే మీ ఇమాము ఓడిపోయినట్లా? అనిశ్చితమైనదాని మీద దేవుణ్ణి నిలబెట్టవద్దని గ్రహణాల సందర్భంలో ఆయన చేసిన హెచ్చరిక ముఖ్యంగా మీకే వర్తిస్తుంది.

ఇప్పుడు అసలు తప్పిదం. అది 'తహాఫుత్' చివరి పుటలో ఉన్నది. ఇరవై చర్చలలో తర్కంతో పోరాడినవాడు చివర ఒక ప్రశ్న వేసుకొన్నాడు: వీరిని అవిశ్వాసులని నిర్ణయించి, వధ్యులని చెప్పవచ్చునా? మూడు విషయాలలో అవిశ్వాస నిర్ణయం తప్పదన్నాడు. జగత్తు అనాది అనడం, దేవునికి విశేషాలు విడివిడిగా తెలియవనడం, దేహాలు తిరిగి లేవవనడం. దూది, నిప్పు ఆ మూడింటిలో లేవన్నది గమనించాలి. కారణవాదం మీద ఆయన దండన ప్రకటించలేదు, వాదించాడంతే. కాని కాలానికి ఆరంభమున్నదా లేదా అన్నదాని మీద, తానే అంత చక్కగా రెండు పక్షాలూ చెప్పినదాని మీద, మెడ మీద కత్తి పెట్టాడు. ఎదిరి వాదంలో లోపమున్నదని చూపడమే నా పని, ఈ గ్రంథంలో నా సిద్ధాంతాన్ని స్థాపించడం లేదు, అని చెప్పుకొన్నవాడు ఏ సిద్ధాంతబలంతో ఈ తీర్పునిచ్చాడు? వాదమధ్యంలో ప్రతివాది జవాబు చెప్పబోతుండగా తలారిని పిలవడం జయం కాదు.

ఇబ్న్ రుష్ద్ దీనిని 'ఫస్లుల్ మకాల్'లో గట్టిగా పట్టుకొన్నాడు. ఇటువంటి సూక్ష్మవిషయాలలో పండితులందరి ఏకాభిప్రాయం జరిగిందని ఎవరూ చూపలేరు, అది లేనప్పుడు దాని ఉల్లంఘన పేరిట అవిశ్వాసి అనడమెలా? ఆకాశం పొగగా ఉన్నదనీ, దేవుని సింహాసనం నీటిపై ఉన్నదనీ ఖురానే చెబుతుంటే, అసలేమీ లేనప్పుడు దేవుడొక్కడే ఉన్నాడని ఏ వాక్యం చెబుతున్నది? ఏకాభిప్రాయోల్లంఘన మీద అవిశ్వాస నిర్ణయం నిశ్చితం కాదని గజాలీయే తర్వాత 'ఫైసలుత్ తఫ్రికా'లో ఒప్పుకొన్నాడు కదా, అని ఆయన చేతికత్తితోనే ఎదుర్కొన్నాడు.

అలాగని ఇబ్న్ రుష్ద్‌ను 1997లో వచ్చిన ఈజిప్టు చలనచిత్రంలోని స్వేచ్ఛావీరునిగా నిలబెట్టనక్కరలేదు. ఆయన సెవిల్‌కూ కొర్దొబాకూ ఖాజీ. ఇస్లామీయ న్యాయంపై ప్రామాణిక గ్రంథం వ్రాశాడు. తత్త్వచర్చ సామాన్యుల చెవిన పడరాదని పట్టుబట్టాడు, అందరూ చదివే పుస్తకాలలో ఇవన్నీ వ్రాసినందుకే గజాలీని తప్పుపట్టాడు. ఈ ఒక్క విషయంలో నేను గజాలీ పక్షం. 1195లో అల్మొహద్ ఖలీఫా ఇబ్న్ రుష్ద్‌ను లూసెనాకు వెళ్లగొట్టాడు, ఆయన తత్త్వగ్రంథాలను తగలబెట్టించాడు. తర్వాత మళ్లీ ఆదరించినా, 1198లో మరాకెష్‌లో ఆయన చనిపోయేనాటికి ఎక్కువ కాలం మిగల్లేదు. ఆ పుస్తకాలను కాల్చినది రాజాజ్ఞ. గజాలీ పోయి అప్పటికి ఎనభై నాలుగేళ్లు.